స్వేదన స్తంభంలో తిరుగుధార

సిద్దిపేట పట్టణంలో గాని, చుట్టుపక్కల గజ్వేలు, దుబ్బాకలలో గాని ఈనాడు మోటారు సైకిలులో పోయించుకొనే పెట్రోలు అచ్చమైన పెట్రోలు కాదు. అందులో ఇంచుమించు అయిదవ వంతు దాకా ఆల్కహాలు కలిసి ఉంటుంది. చెరకు మడ్డి నుండి, నూకల నుండి, మొక్కజొన్న నుండి తీసిన ఆల్కహాలు అది. ఇదే ప్రాంతపు పల్లెలు మరొక విధమైన ఆల్కహాలును కూడా చాలాకాలంగా ఎరుగును. నల్లబెల్లం పులియబెట్టి చాటుమాటుగా కాచే గుడుంబా అది. చట్టం ఒప్పనిది, ఎన్నో సంసారాలను కూల్చినది. అయితే రసాయన శాస్త్రపు దృష్టిలో రెండింటిలోని ముఖ్య పదార్థం ఒకటే, ఇథైల్ ఆల్కహాలు. రెండూ పులిసిన ద్రవాన్ని మరిగించి, పైకి లేచిన ఆవిరిని చల్లార్చి తీసినవే. అయినప్పటికీ మొదటిదానిలో నూటికి అరపాలు కంటె ఎక్కువ నీరుండరాదు. రెండవదానిలో సగానికి పైగా నీరే. గుడుంబా పోసిన ఇంజను నడవదు.

ఈ భేదం మంట పెద్దదా చిన్నదా అన్నదానివల్ల వచ్చినది కాదు. కుండకు బదులు రాగిపాత్ర వాడినంత మాత్రాన కూడా తీరేది కాదు. కర్మాగారంలో ఒక విచిత్రమైన పని జరుగుతుంది. ఎంతో బొగ్గు కాల్చి, ఆవిరి లేపి, చల్లార్చి తీసిన శుద్ధమైన సరుకులో పెద్ద భాగాన్ని సీసాలో పట్టకుండా, వచ్చిన దారినే మళ్లీ లోపలికి వదిలివేస్తారు. ఇలా వెనక్కు పంపే ద్రవాన్ని రిఫ్లక్స్ అంటారు. తెలుగులో తిరుగుధార అనవచ్చును. చేతికి వచ్చిన సరుకును వెనక్కు పోయడం పైకి వృథాగా తోస్తుంది. స్వేదన విద్య చరిత్రలో సుమారు వంద సంవత్సరాల పని ఈ వృథా ఎందుకో, ఎంతో తెలుసుకోవడంలోనే గడిచినది.

కుండ చేయగలిగినది

పల్లెల్లో సారా కాచే సాధనం చూడడానికి మోటుగా ఉంటుంది గాని, అందులో స్వేదనానికి కావలసిన అంగాలన్నీ ఉన్నాయి. కింద పులిసిన పానకంతో పెద్ద కుండ. దానిమీద అడుగు తొలిచిన మరొక కుండ. అన్నిటికంటె పైన చన్నీళ్ల గిన్నె. ఆవిరి లేచి గిన్నె అడుగున తగిలి చెమర్చుతుంది. ఆ చుక్కలు లోపల అమర్చిన చిన్న పాత్రలో పడి, గొట్టం గుండా బయటకు వస్తాయి. సందులన్నీ మట్టితోనో, పిండితోనో మూసివేస్తారు.

ఇందులో ఎంత వేరుపాటు జరుగుతుందో అంకెలతో చూడవచ్చును. నీరు 100 డిగ్రీల వద్ద, ఆల్కహాలు 78.4 డిగ్రీల వద్ద మరుగుతాయి. రెండూ కలిసిన ద్రవం మరిగినప్పుడు ఆల్కహాలు మాత్రమే లేచి, నీరు కిందనే ఉండిపోతుందని విద్యార్థులు తరచుగా అనుకొంటారు. అది సరి కాదు. రెండూ లేస్తాయి, ఆల్కహాలు తన వంతుకు మించి లేస్తుంది, అంతే. ద్రవంలోని 100 అణువులలో 2 ఆల్కహాలువైతే, దాని నుండి లేచే ఆవిరిలో 100కు 17 ఉంటాయి. ఒక్క మరుగులో ఇది గొప్ప లాభమే. కాని ఇంకా 83 పాళ్లు నీరే. పైగా కాచుతున్నకొద్దీ కుండలోని ఆల్కహాలు తరిగిపోయి, తరువాత వచ్చే చుక్కలు పలచబడుతూ పోతాయి.

దీనిని మళ్లీ కాస్తే? 17 ఉన్న ద్రవం నుండి 51 ఉన్న ఆవిరి వస్తుంది. మూడవసారి 66. నాలుగవసారి 73. బలం పెరుగుతున్నది గాని, పెరుగుదల సన్నగిల్లుతున్నది. అదీ గాక ప్రతిసారీ మొదటి చుక్కలను మాత్రమే తీసుకొంటేనే ఈ అంకెలు దక్కుతాయి. తక్కినదంతా కుండలో మిగిలిపోతుంది. నాలుగు కాపుల తరువాత చేతికి వచ్చేది మొదటి పానకంలోని ఆల్కహాలులో కొద్ది భాగమే. కాలిన కట్టెలు మాత్రం నాలుగింతలు.

ఈ మోటు కుండలో కూడా తిరుగుధార కొంచెం ఉన్నది. పై కుండ గోడలు బయటి గాలికి చల్లగా ఉంటాయి. కొంత ఆవిరి గిన్నెదాకా పోకుండానే గోడల మీద చెమర్చి, జారి, కింది కుండలో పడుతుంది. అలా పడేదానిలో నీటి పాలు ఎక్కువ. గిన్నెను చేరేది ఆ మేరకు చిక్కబడుతుంది. మంట నెమ్మదిగా ఉంటే సరుకు ఘాటుగా వస్తుందని కాచేవారికి అనుభవం. కారణంలో ఒక భాగం ఈ గోడలదే.

రాగి పాత్రల నుండి స్తంభం దాకా

స్వేదనం మన ఉపఖండానికి కొత్త కాదు. తక్షశిలలోను, పెషావరు సమీపంలోని షేఖాన్ ధేరీలోను దొరికిన మట్టిపాత్రలను పరిశీలించి, గాంధార దేశంలో రెండువేల సంవత్సరాల క్రితమే మద్యం బట్టీ పట్టేవారని ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1979లో వాదించాడు. రసశాస్త్ర గ్రంథాలలోని పాతన యంత్రాలు పాదరసాన్ని శుద్ధి చేయడానికి పనికివచ్చినవి. ఇవన్నీ ఒక్క మరుగు, ఒక్క చల్లార్పు గల సాధనాలు. ఐరోపాలోని పాత్రలు కూడా 18వ శతాబ్దం చివరి వరకు అంతే. చిక్కని సరుకు కావాలంటే మళ్లీ మళ్లీ కాచడమే మార్గం.

ఫ్రాన్సు దేశంలో మోంపెలియే నగరవాసి ఎడ్వార్డ్ ఆడాం 1801లో ఒక ఉపాయం పేటెంటు చేసినాడు. ఒక పాత్ర నుండి లేచిన ఆవిరిని చల్లార్చకుండా, గొట్టం ద్వారా రెండవ పాత్రలోని ద్రవంలోకి బుడగలుగా వదిలినాడు. ఆవిరి అక్కడ చల్లబడి ద్రవమవుతూ తన గుప్తోష్ణాన్ని ఆ ద్రవానికి ఇస్తుంది. ఆ వేడితో రెండవ పాత్ర తనంతట తాను మరుగుతుంది. దాని ఆవిరి మూడవదానిలోకి పోతుంది. పొయ్యి ఒక్కటే, కాపులు మూడు. కట్టెల ఖర్చు ఒక్కసారిగా తగ్గినది.

1813లో జాన్ బాప్టిస్ట్ సెలియే బ్లూమెంథాల్ ఈ పాత్రలను పక్కపక్కన పెట్టడం మాని, ఒకదానిమీద ఒకటి పేర్చినాడు. ఆధునిక స్తంభానికి ఇదే పుట్టుక. పాత్రలు పళ్లాలైనవి. ఆవిరి కింది పళ్లెం నుండి పై పళ్లానికి బుడగలుగా పోతుంది. పై పళ్లెంలో నిండిన ద్రవం పొర్లి కింది పళ్లెంలో పడుతుంది. పులిసిన ద్రవం ఆగకుండా లోపలికి వస్తూ ఉంటుంది. ఆల్కహాలు ఆగకుండా బయటకు పోతూ ఉంటుంది. వాయి దింపి వాయి ఎక్కించే పని లేదు.

ఐర్లండులో 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు చేసిన సాధనం మరింత పేరు పొందినది. కాఫీ అబ్కారీ శాఖలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. 1810లో డొనెగల్ ప్రాంతంలో దొంగసారా పట్టబోయి బాగా దెబ్బలు తిన్నాడు. సారా కాపును జీవితమంతా అణచివేసిన ఉద్యోగి, ఉద్యోగం మానిన తరువాత ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఆల్కహాలు తీసే యంత్రానికి కర్త కావడం చరిత్రలోని తమాషాలలో ఒకటి. ఆయన సాధనంలో రెండు స్తంభాలు. రెండవ స్తంభంలో చన్నీళ్లకు బదులు, మరగవలసిన పులిసిన ద్రవమే వంకరటింకర గొట్టంలో పైనుండి కిందికి ప్రవహిస్తుంది. గొట్టం తగిలి ఆవిరిలో కొంత చల్లబడి తిరుగుధారగా కిందికి దిగుతుంది. అదే సమయంలో గొట్టంలోని ద్రవం వేడెక్కి, మొదటి స్తంభాన్ని చేరేసరికి మరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఒకరి వేడి ఒకరికి ఉపయోగపడినది.

పళ్లెం మీద ఏమి జరుగుతుంది

ఒక పళ్లాన్ని మాత్రం తీసుకొని చూడవలె. దానిమీద వేళ్లంత లోతున ద్రవం ఉన్నది. కింది నుండి వచ్చే ఆవిరి కొంచెం వేడిగా, కొంచెం నీరెక్కువగా ఉన్నది. పైనుండి జారే ద్రవం కొంచెం చల్లగా, కొంచెం ఆల్కహాలెక్కువగా ఉన్నది. రెండూ కలుసుకొన్నప్పుడు ఆవిరిలోని నీటి అణువులలో కొన్ని ద్రవంలో చేరిపోతాయి. అవి వదిలిన వేడితో ద్రవంలోని ఆల్కహాలు అణువులు దాదాపు అన్నే ఆవిరిలోకి లేస్తాయి. పైకి పోయే ఆవిరి చిక్కబడినది. కిందికి పోయే ద్రవం పలచబడినది. ప్రతి పళ్లెం మీద ఇదే మార్పిడి.

ఇప్పుడు తిరుగుధారను ఆపివేస్తే? పై పళ్లెం మీదికి ద్రవం రాదు. ఉన్న ద్రవం కాసేపటికి ఆవిరికి సరిసమానమై ఊరుకొంటుంది, లేదా ఎండిపోతుంది. కిందినుండి వచ్చిన ఆవిరి, మార్చుకొనడానికి ఏమీ లేక, వచ్చినది వచ్చినట్లే పైకి పోతుంది. దారాపు చొచ్చే చోటికి పైనున్న యాభై పళ్లాలైనా యాభై ఖాళీ అరలే. పళ్లాలను పని చేయించేది పైనుండి దిగే ద్రవం. చాటతో చెరిగేటప్పుడు గింజ ఎగిరి మళ్లీ చాటలోనే పడుతుంది గనుక పొట్టు వేరవుతుంది. ఎగిరినది ఎగిరినట్లే పోతే చెరగడం ఉండదు. పోలిక పూర్తిగా సరిపడదు గాని, తిరిగి పడవలసిన అవసరాన్ని చూపడానికి చాలును.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక తికమకను తీర్చవలసి ఉంటుంది. ప్రయోగశాలలో ఫ్లాస్కు మీద నిలువుగా కండెన్సరు బిగించి, ఆవిరి అంతా తిరిగి ఫ్లాస్కులోనే పడేటట్లు గంటల తరబడి మరిగించడాన్ని కూడా రిఫ్లక్స్ అనే అంటారు. అక్కడి ఉద్దేశం వేరుపరచడం కాదు. ద్రవం ఆవిరై పోకుండా రసాయన చర్యను సాగనివ్వడం. పేరు ఒకటే, పని వేరు.

ఎంత వెనక్కు పంపవలె?

కాఫీ కాలంలో ఈ ప్రశ్నకు జవాబు పనివాని చేతిలోను, నాలుకమీదను ఉండేది. దానిని లెక్కలోకి తెచ్చినవాడు ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ సోరెల్. 1893లో అచ్చయిన తన గ్రంథంలో ఒక్కొక్క పళ్లెం మీదికి వచ్చే పదార్థం ఎంత, పోయేది ఎంత, వేడి ఎంత అని జమాఖర్చులు వేసి పళ్లాల సంఖ్యను కట్టినాడు. పద్ధతి సరియైనదే గాని, ఒక స్తంభానికి లెక్క కట్టేసరికి రోజులు గడిచేవి. 1925లో అమెరికాలో వారెన్ మెకేబ్, ఎర్నెస్ట్ థీలే ఇద్దరూ ఆ శ్రమను గ్రాఫు కాగితం మీదికి దించినారు. ద్రవానికి దానితో సమతాస్థితిలో ఉండే ఆవిరిని చూపే వక్రరేఖ ఒకటి. తిరుగుధార పరిమాణాన్ని చూపే సరళరేఖ ఒకటి. రెండింటి నడుమ మెట్లు గీసుకొంటూ పోతే, మెట్లెన్నో పళ్లాలన్ని. పై తరగతుల విద్యార్థి స్కేలు, పెన్సిలుతో చేయగలిగిన పని ఇది.

ఆ బొమ్మ రెండు హద్దులను స్పష్టంగా చూపినది. వచ్చినదంతా వెనక్కు పంపితే పళ్లాలు అతి తక్కువ చాలును, కాని చేతికి చుక్క దక్కదు. తిరుగుధారను తగ్గిస్తూ పోతే ఒక చోట పళ్లాల సంఖ్య అనంతమవుతుంది. అంతకంటె తగ్గిస్తే ఎన్ని పళ్లాలు పెట్టినా కోరిన శుద్ధి రాదు. నిజమైన స్తంభాలు ఈ రెంటికీ నడుమ, సాధారణంగా కనిష్ఠపు హద్దుకు 1.2 నుండి 1.5 రెట్ల మధ్య నడుస్తాయి. పాఠ్యగ్రంథాలకు ఇష్టమైన బెంజీను, టోలుయీను మిశ్రమంలో బెంజీను టోలుయీను కంటె సుమారు 2.5 రెట్లు ఎక్కువ ఆవిరయ్యే గుణం కలది. సగం సగం కలిసిన ద్రవం నుండి పైన 95 పాళ్ల బెంజీను, కింద 95 పాళ్ల టోలుయీను కావాలంటే, తీసుకొనే ప్రతి కిలోకూ కనీసం 1.1 కిలో వెనక్కు పోవలె. అంతా వెనక్కు పంపిన పక్షంలో 6 లేక 7 మెట్లు చాలును. ఈ కనిష్ఠ సంఖ్యకు సూత్రం ఇచ్చినవాడు ఫెన్‌స్కీ, 1932లో.

ఆ వక్రరేఖ ఊహించుకొంటే వచ్చేది కాదు. ప్రతి మిశ్రమానికీ ద్రవాన్ని, దాని ఆవిరిని వేరువేరుగా పట్టి, కొలిచి, బిందువు పక్కన బిందువు పెట్టవలె. ఓపిక కోరే పని. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1950, 1960 దశాబ్దాలలో సి. వెంకటరావు, పి. దక్షిణామూర్తి మొదలైనవారు ఎన్నో ద్రవమిశ్రమాలకు ఇటువంటి కొలతలు చేసి అంతర్జాతీయ పత్రికలలో ప్రకటించినారు. స్తంభాల చరిత్ర చెప్పేవారు కర్మాగారాల పేర్లతో ఆగిపోతారు. ఈ అంకెలు లేనిదే ఆ కర్మాగారాలకు నమూనా గీయలేరన్నది మరుగున పడుతుంది.

రెండు ద్రవాల గుణాలు దగ్గరగా ఉన్నకొద్దీ తిరుగుధార ఎంతగా పెరుగుతుందో తెలంగాణలోనే మరొక చోట చూడవచ్చును. గోదావరి ఒడ్డున మణుగూరు సమీపంలోని భారజల కర్మాగారం 1991లో పని ప్రారంభించినది. మామూలు నీటిలో ఇంచుమించు 6,400 హైడ్రోజను పరమాణువులకు ఒక్కటి చొప్పున ఉండే భార హైడ్రోజనును ముందు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు సహాయంతో కొంతదాకా కూడబెట్టి, చివరి శుద్ధిని తక్కువ ఒత్తిడిలో స్వేదనం చేసి సాధిస్తారు. భారజలం మరిగేది 101.4 డిగ్రీల వద్ద. మామూలు నీటికీ దానికీ తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు. 100 డిగ్రీల వద్ద రెంటి ఆవిరి ఒత్తిడులలో భేదం నూటికి 5 మాత్రమే. బెంజీను విషయంలో వేసిన లెక్కనే, 2.5కు బదులు 1.05 పెట్టి మళ్లీ వేస్తే, కనీసపు మెట్లు 6 నుండి 121కి పెరుగుతాయి. తీసుకొనే ప్రతి చుక్కకూ వెనక్కు పోవలసినవి 36 చుక్కలు. ఒత్తిడి తగ్గిస్తే ఆ కొద్ది భేదం మరికొంచెం పెరుగుతుంది. శూన్యానికి దగ్గరగా స్వేదనం చేసేది అందుకే.

ఇంధనం కోసం ఇంధనం

తిరుగుధార ఉచితంగా రాదు. వెనక్కు పంపిన ప్రతి కిలోను మళ్లీ ఆవిరి చేయవలె. ఒక కిలో ఆల్కహాలును ఆవిరి చేయడానికి సుమారు 0.85 మెగాజౌళ్లు కావలె. మూడు కిలోలు వెనక్కు పంపి ఒక కిలో తీసుకొంటే, లేపవలసిన ఆవిరి నాలుగు కిలోలు, ఖర్చు 3.4 మెగాజౌళ్లు. పది పంపితే 9 దాటుతుంది. ఆల్కహాలును సీసాలో పోసి మందుగానో, ద్రావణిగానో అమ్మేవారికి ఇది ధరకు సంబంధించిన విషయం మాత్రమే. దానిని ఇంధనంగా కాల్చదలచినవారికి ప్రశ్న ఇంకా గట్టిది. ఒక కిలో ఆల్కహాలు మండితే వచ్చే వేడి సుమారు 27 మెగాజౌళ్లు. తిరుగుధార ముప్ఫై రెట్లు దాటిన స్తంభం తన సరుకులోని శక్తినంతటినీ బాయిలరు కిందనే తినివేస్తుంది. పానకాన్ని వేడి చేసే ఖర్చు ఇందులో కలపనే లేదు.

నిజామాబాదు జిల్లా బోధనులో ఈ ప్రశ్న తెలుగునేల మీదికి వచ్చినది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం తన కాలంలో ఆసియాలోనే పెద్దవానిలో ఒకటిగా పేరు పడినది. చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుండి శక్కర్‌నగరులో పవర్ ఆల్కహాలు, అనగా పెట్రోలులో కలిపే ఆల్కహాలు తయారైనది. అప్పటి హైదరాబాదు సంస్థానానికి పెట్రోలు బావులు లేవు. మడ్డి మాత్రం గుట్టలుగా ఉండేది. చెరకు పిప్పిని బాయిలరులో కాల్చుకొనే వీలుండడం వల్ల చక్కెర మిల్లు పక్కనున్న స్తంభానికి వేడి చౌక. అదే స్తంభాన్ని సిద్దిపేట వంటి, చెరకు మిల్లు లేని ఊరిలో పెట్టి, బొగ్గు తెప్పించుకొని నడిపితే లెక్క కుదిరేది కాదు.

పెట్రోలుకు పనికివచ్చే ఆల్కహాలు విషయంలో మరొక చిక్కు ఉన్నది. దానిని తిరుగుధార తీర్చలేదు. పైన చెప్పిన 17, 51, 66, 73 అన్న వరస 89 దగ్గర ఆగిపోతుంది. 100 అణువులలో 89 ఆల్కహాలువైన ద్రవం నుండి లేచే ఆవిరిలోనూ సరిగా 89 ఉంటాయి. బరువు లెక్కన ఇది 95.6 శాతం. ఇటువంటిది స్థిరంగా మరిగే మిశ్రమం. దీనిని వెయ్యి పళ్లాల మీద, వచ్చినదంతా వెనక్కు పంపుతూ మరిగించినా ఒక్క అణువు మేర కూడా చిక్కబడదు. మిగిలిన ఆ కొద్దిపాటి నీరే పెట్రోలుకు శత్రువు. నీరు మితి మీరితే, చలి తగిలినప్పుడు, నీరూ ఆల్కహాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగి వేరే పొరగా నిలుస్తాయి.

ఈ గోడను దాటే దారిని 1902లో సిడ్నీ యంగ్ చూపినాడు. బెంజీను చేర్చితే నీరు, ఆల్కహాలు, బెంజీను మూడూ కలిసి 64.9 డిగ్రీల వద్దనే మరిగే మరొక మిశ్రమం ఏర్పడుతుంది. అది నీటిని మోసుకొని స్తంభం పైనుండి వెళ్లిపోతుంది. నీరు లేని ఆల్కహాలు అడుగున మిగులుతుంది. పైన పట్టిన ద్రవం చల్లబడి రెండు పొరలుగా విడిపోతే, బెంజీను ఎక్కువగా గల పొరను మళ్లీ స్తంభంలోకి తిరుగుధారగా వదులుతారు. దేశంలో పవర్ ఆల్కహాలు పరిశ్రమకు ప్రత్యేకంగా 1948లో ఒక చట్టం వచ్చినది; చౌకగా పెట్రోలు దొరికిన కాలంలో అది మూలపడి, 2000లో రద్దయినది. తమాషా ఏమంటే, ఆ తరువాత మూడేళ్లకే, 2003 జనవరిలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాలలో పెట్రోలుకు 5 శాతం ఆల్కహాలు కలపడం మళ్లీ మొదలైనది. 2022లో అది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరినది. బోధను కర్మాగారం మాత్రం ఆ రోజులు చూడకుండానే 2015లో మూతపడినది.

కొత్త కర్మాగారాలలో బెంజీను వాడకం పోయినది. అది ఆరోగ్యానికి హాని చేసే పదార్థం. దానికి బదులుగా జియొలైటు గుళికలు నింపిన పాత్రలున్నాయి. ఈ గుళికలలోని రంధ్రాల వెడల్పు సుమారు 3 ఆంగ్‌స్ట్రాములు. నీటి అణువు వాటిలో దూరుతుంది, ఆల్కహాలు అణువు దూరలేదు. స్తంభం నుండి 95 శాతం దాకా చిక్కబడి వచ్చిన ఆవిరి ఈ పాత్ర గుండా పోయి నీరు వదిలి బయటకు వస్తుంది. కొన్ని నిమిషాలలో గుళికలు నీటితో నిండిపోతాయి. అప్పుడు ఆవిరిని పక్కనున్న రెండవ పాత్రలోకి మళ్లించి, మొదటిదానిలో ఒత్తిడి తగ్గించి, పొడి ఆల్కహాలు ఆవిరి కొంచెం పంపి గుళికలను ఆరబెడతారు. ఆ కడుగులో నీటితోపాటు మంచి ఆల్కహాలు కూడా చాలా ఉంటుంది. దానిని చల్లార్చి, గొట్టం ద్వారా మళ్లీ స్తంభంలోకే పంపుతారు.